పెద్ద టర్బో వేశాక, ట్యూనింగ్ అయ్యేదాకా కారు నడపవచ్చా?

మీరు అడిగింది ఇది: పెట్రోల్ కారుకు కంపెనీ టర్బో తీసేసి పెద్దది వేయించారు, ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) మాత్రం ఇంకా పాత సెట్టింగ్‌లోనే ఉంది. ట్యూనర్ డేట్ ఇచ్చింది రెండు వారాల తర్వాత, షాపు 120 కిలోమీటర్ల దూరం. ఈలోగా రోజూ ఆఫీసుకు తీసుకెళ్లవచ్చా, ట్యూనింగ్‌కి సొంతంగా నడుపుకుంటూ వెళ్లవచ్చా, "బూస్ట్‌లోకి (టర్బో గాలిని ఒత్తిడితో ఇంజన్‌లోకి నెట్టే స్థితిలోకి) పోకుండా నడిపితే ఏమీ కాదు" అని స్నేహితులు అంటున్న మాట నిజమేనా?

ఆ మాట కొన్ని కార్ల విషయంలో నిజం, కొన్నిటి విషయంలో ఇంజన్ పోగొట్టే సలహా. టర్బోతో పాటు ఇంకేం మారాయి, బూస్ట్‌ని ఏది ఆపుతోంది, ఈ రెండూ తెలిస్తేగానీ జవాబు చెప్పలేం. నేను ఏళ్లుగా చేస్తున్నది ఈ పనే. ట్యూనింగ్‌కి రాకముందే దెబ్బతిని వచ్చిన ఇంజన్లు చాలా చూశాను. వాటిలో ఎక్కువ వాటికి టర్బోలో లోపం లేదు. బూస్ట్‌ని ఆపే పని పూర్తిగా యజమాని కాలికి వదిలేశారు, అక్కడే పోయింది. ఆ పని వేస్ట్‌గేట్ (ఎగ్జాస్ట్‌ని టర్బో పక్కనుంచి వదిలేసే గేటు) స్ప్రింగ్ చేయాలి. కాలు దానికి తోడు మాత్రమే.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంజెక్టర్ల (పెట్రోల్ చిమ్మే భాగాల) సంగతి. టర్బోతో పాటు పెద్ద ఇంజెక్టర్లు కూడా వేయించి ఉంటే, ఈ పేజీలో మిగతాదేదీ మీకు పనికిరాదు. ఆ కారును నడపకండి. ఈసీయూకి ఇంజెక్టర్ మారిందని తెలియదు, పాత లెక్క ప్రకారం అంతే సేపు తెరిచి ఉంచుతుంది. ఇంజెక్టర్ సగం పెద్దదైతే సగం ఎక్కువ పెట్రోల్ పడుతుంది. ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ కొంత తగ్గించగలదు కానీ ఆ సర్దుబాటుకు ఒక హద్దు ఉంటుంది, సాధారణంగా పాతిక శాతం దగ్గర్లో అది ఆగిపోతుంది. ఆపైన మిగిలిన పెట్రోల్ సిలిండర్ గోడల మీద ఉన్న ఆయిల్ పొరను కడిగేసి, రింగుల పక్కనుంచి కిందికి జారి, ఆయిల్‌లో కలుస్తుంది. అలా కొన్నాళ్లు నడిపిన కారు ఒకటి మా దగ్గరికి వచ్చింది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ లెవెల్ మాక్స్ గీత దాటి పైకి ఉంది. ఓనరు దాన్ని మంచి లక్షణం అనుకున్నారు, ఇంజన్ ఆయిల్ తాగడం లేదని. వాసన చూస్తే పెట్రోల్, వేళ్ల మధ్య రుద్దితే నీళ్లలా జారిపోతోంది. బేరింగులు ఆ ఆయిల్ మీదే తిరిగాయి మరి.

రెండోది ఎయిర్ ఫ్లో సెన్సర్. మీ కారులో అది ఉంటే, దాన్ని పాత గొట్టంలోనే ఉంచారా, లేక పెద్ద ఇన్‌టేక్ పైపులోకి మార్చారా చూడండి. ఆ సెన్సర్ గాలి మొత్తాన్ని కొలవదు. తనను తాకుతూ వెళ్లే గాలిని కొలిచి, గొట్టం సైజు ఇంత కాబట్టి మొత్తం ఇంత అని లెక్క కట్టేలా సెట్ చేసి ఉంటుంది. గొట్టం లోపలి వ్యాసం 70 మిల్లీమీటర్ల నుంచి 80కి పెంచితే వైశాల్యం 30 శాతం పెరుగుతుంది. అంతే గాలి నెమ్మదిగా వెళ్తుంది, సెన్సర్ తక్కువ చూపిస్తుంది, పెట్రోల్ తక్కువ పడుతుంది, మిక్చర్ లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) అవుతుంది. ట్యూనింగ్ అయ్యేదాకా పాత గొట్టం తిరిగి బిగించుకోగలిగితే ఆ పని చేయించండి. మామూలుగా గంట పని కూడా కాదు.

ఇంజెక్టర్లు పాతవే, సెన్సర్ పాత గొట్టంలోనే ఉంది, మారినవి టర్బో, ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది), డౌన్‌పైపు (టర్బో తర్వాతి ఎగ్జాస్ట్ గొట్టం) మాత్రమే అయితే జాగ్రత్తగా నడపవచ్చు. బూస్ట్ లేని చోట ఇంజన్ మామూలు ఇంజన్‌లాగే ఉంటుంది. ఐడిల్‌లో, నిలకడ వేగంలో ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్‌ని చూస్తూ మిక్చర్‌ని 14.7 దగ్గర (బరువులో ఒక వంతు పెట్రోల్‌కి 14.7 వంతుల గాలి) పట్టి ఉంచుతుంది. చిన్న తేడాలు వస్తే తనే సర్దుకుంటుంది.

చాలామంది పొరపడేది ఇక్కడే. "కంపెనీ టర్బో 0.8 బార్ ఇచ్చేది, కొత్తదాన్నీ 0.8 దగ్గరే ఉంచితే పెట్రోల్ లెక్క మారదు కదా" అంటారు. మారుతుంది. బూస్ట్ అంటే మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో) ఉన్న ఒత్తిడి మాత్రమే, ఇంజన్‌లోకి ఎంత గాలి వెళ్లిందో చెప్పే కొలత కాదు. అదే 0.8 బార్‌ని పెద్ద టర్బో తక్కువ శ్రమతో ఇస్తుంది కాబట్టి గాలి తక్కువ వేడెక్కుతుంది, చల్లటి గాలి చిక్కగా ఉంటుంది. పెద్ద టర్బైన్ వల్ల ఎగ్జాస్ట్ వైపు వెనక్కి తన్నే ఒత్తిడి కూడా తగ్గుతుంది. సిలిండర్‌లో కాలిన గ్యాస్ తక్కువ మిగులుతుంది, ఆ చోటులోకి తాజా గాలి వస్తుంది. ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న కారు ఈ పెరిగిన గాలిని కొంతవరకు చూడగలదు, దాని కొలత హద్దు దాటనంత వరకు. మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్ ఒత్తిడిని కొలిచేది) మీద నడిచే కారు అలా కాదు. అది ఒత్తిడిని, ఉష్ణోగ్రతను చూసి, ఈ ఇంజన్ ఇంత గాలి పీలుస్తుందని పట్టికలోంచి లెక్క తీసుకుంటుంది. ఆ పట్టిక పాత టర్బో కోసం రాసింది. గాలి చల్లబడిన సంగతి సెన్సర్ పట్టుకుంటుంది కానీ ఎగ్జాస్ట్ వైపు ఒత్తిడి తగ్గిన సంగతి దానికి తెలిసే దారి లేదు. కాబట్టి బూస్ట్ పెరిగే కొద్దీ మిక్చర్ లీన్ వైపు జరుగుతుంది. పెట్రోల్ ఇంజన్‌కి బూస్ట్‌లో సుమారు 11 నుంచి 12 మధ్య మిక్చర్ కావాలి, సరిగ్గా అక్కడే అది దొరకదు. కొన్ని కొత్త కార్లలో వైడ్‌బ్యాండ్ సెన్సర్ (మిక్చర్ ఎంతుందో కచ్చితంగా కొలిచే ఆక్సిజన్ సెన్సర్) ఉండి బూస్ట్‌లోనూ సరిచేస్తాయి, అదొక్కటే కాస్త ఊరట.

ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ఎప్పుడు రావాలన్నది) కూడా ఇదే కథ. లోడ్‌ని బట్టి ఈసీయూ పట్టికలోంచి టైమింగ్ తీసుకుంటుంది. లోడ్ పట్టిక దాటిపోతే చివరి గడిలో ఉన్న అంకెనే వాడుతుంది, అది అవసరమైన దానికంటే ముందుగా ఉండవచ్చు. ఫలితం నాకింగ్, అంటే మిక్చర్ అదుపు తప్పి పేలడం. నాక్ సెన్సర్ ఉంది కదా అనకండి. అది నాకింగ్ జరిగాక వింటుంది, విన్నాక వెనక్కి తగ్గిస్తుంది. గట్టి బూస్ట్‌లో ఆ మొదటి కొన్ని దెబ్బలే చాలు. అలా పోయిన పిస్టన్‌ని చేతిలో పట్టుకుని చూస్తే తల మీద ఏమీ కనిపించదు, శుభ్రంగా ఉంటుంది. పక్కకు తిప్పితే మొదటి రింగుకూ రెండో రింగుకూ మధ్య ఉన్న సన్నటి గట్టులో గోరంత ముక్క విరిగి ఉంటుంది. కారు అప్పటికీ స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది కూడా. కాస్త వణుకు, కాస్త నీలం పొగ, డిప్‌స్టిక్ గొట్టంలోంచి పొగ తన్నడం, అంతే తేడా.

ఇప్పుడు వేస్ట్‌గేట్. మీ టర్బో మీద ఆ గేటును కదిలించే యాక్చుయేటర్ ఉంటుంది, దానిలో స్ప్రింగ్ ఉంటుంది. ఆ స్ప్రింగ్ బలమెంతో అదే మీ కనీస బూస్ట్, ఉదాహరణకు 0.5 బార్, అంటే సుమారు 7 పీఎస్ఐ. కంపెనీ కార్లలో యాక్చుయేటర్‌కి వెళ్లే గాలిని మధ్యలో ఒక బూస్ట్ సోలనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వ్) కొంత పక్కకు వదిలేస్తుంది. దానివల్ల యాక్చుయేటర్‌కి తక్కువ ఒత్తిడి తగిలి, గేటు ఆలస్యంగా తెరుచుకుని, బూస్ట్ స్ప్రింగ్ కంటే పైకి వెళ్తుంది. ఎంత వదలాలో ఈసీయూ నిర్ణయిస్తుంది, ఆ లెక్క పాత టర్బోది. కొత్త టర్బో మీద అదే లెక్క వాడితే బూస్ట్ ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.

అందుకని ట్యూనింగ్ అయ్యేదాకా సోలనాయిడ్‌ని దారిలోంచి తప్పించండి. కంప్రెసర్ మీది నిపుల్ నుంచి యాక్చుయేటర్‌కి ఒకే హోస్, మధ్యలో ఏమీ వద్దు. సోలనాయిడ్ కరెంటు కనెక్టర్ మాత్రం పీకకండి, పీకితే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. దాన్నుంచి ఇన్‌టేక్‌కి వెళ్లే గొట్టం మిగిలిపోతే ఆ నోరు మూసేయండి, లేకపోతే కొలవని గాలి లోపలికి పోతుంది. హోస్ రెండు చివర్లా క్లిప్ ఉండాలి. ఈ ఒక్క హోస్ ఊడిపోతే గేటు అసలు తెరుచుకోదు, టర్బో ఎంత ఇవ్వగలదో అంతా ఇచ్చేస్తుంది.

ఎక్స్‌టర్నల్ వేస్ట్‌గేట్ (టర్బోకి బయట విడిగా ఉండేది) వేయించి ఉంటే ఇంకొంచెం శ్రద్ధ కావాలి. దానికి రెండు పోర్టులుంటాయి. పక్కన కిందుగా ఉన్న పోర్టుకి ఒత్తిడి ఇస్తే గేటు తెరుచుకుంటుంది. పైమూత మీద ఉన్న పోర్టుకి ఇస్తే స్ప్రింగ్‌కి తోడై గేటును ఇంకా బిగించి మూస్తుంది. ఇప్పటికి కింది పోర్టుకే హోస్, పైది గాలికి తెరిచి ఉండాలి. బిగించిన మెకానిక్ ఎంత అనుభవం ఉన్నవాడైనా సరే, బానెట్ ఎత్తి ఈ ఒక్కటీ మీ కళ్లతో చూసుకోండి.

కొన్ని కార్లలో గేటును వాక్యూమ్‌తో మూసి ఉంచుతారు, కొన్నిటిలో ఎలక్ట్రిక్ మోటారుతో. వాక్యూమ్ రకమైతే వాక్యూమ్ హోస్ తీసి మూసేస్తే గేటు సాధారణంగా తెరిచే ఉంటుంది, బూస్ట్ దాదాపు రాదు. మోటారు రకం పూర్తిగా ఈసీయూ చేతిలో ఉంటుంది, స్ప్రింగ్ మీద భరోసా పెట్టడానికి లేదు. అలాంటి కారుకి నా సలహా ఒక్కటే: లారీ మీద ఎక్కించి ట్యూనర్ దగ్గరికి పంపండి.

స్ప్రింగ్ ఉన్నా సరే, పెద్ద డౌన్‌పైపుతో హై ఆర్‌పీఎంలో బూస్ట్ పాకుతూ పైకి పోయే అవకాశం ఉంది. గేటు పూర్తిగా తెరుచుకున్నా అందులోంచి పోవాల్సినంత ఎగ్జాస్ట్ పోలేకపోతే అలా జరుగుతుంది. మీ కారులో అది ఉందో లేదో పరీక్షించాలంటే ఫుల్ థ్రాటిల్ ఇవ్వాలి, అందుకని ఆ పని ట్యూనర్‌కి వదిలేయండి. మీరు ఆర్‌పీఎం తక్కువ ఉంచితే ఆ ప్రశ్నే రాదు.

టర్బో కొత్తది కాబట్టి మొదటి స్టార్ట్ గురించి కొద్దిగా. మెకానిక్ ఇప్పటికే స్టార్ట్ చేసి ఉంటే ఇది చేశాడో లేదో అడగండి: ఆయిల్ ఫీడ్ రంధ్రంలో కొంచెం ఆయిల్ పోసి, ఇంజన్ అంటుకోకుండా ఇంజెక్టర్లకూ ఇగ్నిషన్‌కీ కరెంటు ఆపి, ఆయిల్ ప్రెజర్ వచ్చేదాకా సెల్ఫ్ కొట్టాలి. బాల్ బేరింగ్ టర్బో అయితే ఫీడ్ లైనులో రెస్ట్రిక్టర్ (ఆయిల్ ధారను తగ్గించేది) కావాలా అన్నది తయారీదారు సూచనల్లో చూసుకోవాలి. రిటర్న్ గొట్టం లావుగా, ఎక్కడా వంపు నలగకుండా, కిందికే దిగుతూ ఉండాలి. అది సరిగా లేకపోతే మంచి టర్బో కూడా నీలం పొగ వదులుతుంది, జనం సీళ్లు పోయాయనుకుంటారు. మొదటిసారి ఇంజన్ పూర్తిగా వేడెక్కి చల్లారాక ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ నట్లు, క్లాంపులు మళ్లీ చూడాలి. వైర్లూ రబ్బరు గొట్టాలూ టర్బైన్ వైపుకి దగ్గరగా లేకుండా చూసుకోండి.

ఇక కొలతలు. బూస్ట్ గేజ్ లేకుండా రోడ్డెక్కకండి. గేజ్ లేదంటే ఓబీడీ స్కానర్ (ఈసీయూలోని అంకెలు చదివే పరికరం) చాలు, ఫోన్‌కి కలిపే చిన్నదైనా ఫర్వాలేదు. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి మానిఫోల్డ్ ప్రెజర్ చూడండి. సముద్ర మట్టం దగ్గరైతే 101 కిలోపాస్కల్స్ దాకా చూపిస్తుంది, ఎత్తయిన చోట తక్కువ. మీకు కనిపించిన ఆ అంకే మీ హద్దు. నడుపుతున్నప్పుడు దాని కిందే ఉంటే బూస్ట్ లేదు. కాలి కింద ఎంత నొక్కారన్నది నమ్మదగ్గ కొలత కాదు. కొత్త కార్లలో పెడల్ నేరుగా థ్రాటిల్‌ని తిప్పదు. మీరు టార్క్ అడుగుతారు, ఈసీయూ దాన్ని ఎలా ఇవ్వాలో తనే నిర్ణయించి, పెడల్ పావువంతే నొక్కినా థ్రాటిల్ బాగా తెరిచేయగలదు. కాబట్టి కళ్లు గేజ్ మీద ఉండాలి. స్పోర్ట్ మోడ్ ఆఫ్‌లోనే ఉంచండి.

స్కానర్‌లో చూడాల్సిన రెండోది ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోల్‌ని ఎంత పెంచుతోంది (ప్లస్), ఎంత తగ్గిస్తోంది (మైనస్) అన్నది. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ రెండూ కలిపి ప్లస్ మైనస్ 5 శాతంలో ఉంటే చాలా బాగున్నట్టు. 10 దాటితే కారు పక్కన పెట్టి కారణం వెతకండి. ఐడిల్‌లో ప్లస్ ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎంలో తగ్గిపోతే థ్రాటిల్ తర్వాత ఎక్కడో గాలి పీలుస్తోంది. లోడ్ పెరిగే కొద్దీ ప్లస్ పెరుగుతుంటే సెన్సర్ తక్కువ చదువుతోంది, లేదా పెట్రోల్ సరిపోవట్లేదు. ఈ రెండోది చూస్తే మాత్రం రోడ్డెక్కకండి, బూస్ట్‌లో అది ఇంకా ఘోరంగా ఉంటుంది. ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న కారులో గాలిని బయటికి వదిలే బ్లో ఆఫ్ వాల్వ్ పెట్టించి ఉంటే, కొలిచేసిన గాలి బయటికి పోయి గేరు మార్చినప్పుడల్లా మిక్చర్ రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అవుతుంది. శబ్దం బాగున్నా, ప్రస్తుతానికి ఇన్‌టేక్‌లోకి తిప్పి పంపే రకమే ఉంచండి.

నడిపే తీరు. ఆర్‌పీఎం 3000 లోపు, యాక్సిలరేటర్ మెల్లగా. అయితే ఆర్‌పీఎం తక్కువ ఉంచాలని టాప్ గేరులో 1500 దగ్గర గట్టిగా తొక్కడం అన్నిటికంటే చెడ్డ పని. తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ లోడ్ పడితే, ముఖ్యంగా డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో, స్పార్క్ రాకముందే మిక్చర్ అంటుకునే ప్రమాదం ఉంది. ఎత్తు వస్తే ఒక గేరు దించండి, వేగం తగ్గితే తగ్గనివ్వండి. క్రూజ్ కంట్రోల్ వద్దు, ఎత్తు ఎక్కేటప్పుడు అది మిమ్మల్ని అడక్కుండానే థ్రాటిల్ తెరుస్తుంది. ఆటోమేటిక్ అయితే కిక్‌డౌన్ తగలకుండా చూసుకోండి, వీలైతే గేర్లు చేత్తో మార్చుకోండి. దొరికే పెట్రోల్‌లో ఎక్కువ ఆక్టేన్ ఉన్నది పోయించండి. కారును ఈ రెండు వారాలు ఇంకెవరి చేతికీ ఇవ్వకండి, ఒక్కసారి తొక్కి చూస్తాననే వాళ్లకు అసలు ఇవ్వకండి.

వెంటనే ఆపాల్సిన సందర్భాలు చెప్తాను. చెక్ ఇంజన్ లైటు మెరుస్తూ ఆరుతూ ఉంటే మిస్‌ఫైర్, కాలని పెట్రోల్ క్యాటలిస్ట్‌ని కాల్చేస్తుంది, పక్కకు ఆపేయండి. డబ్బాలో రాళ్లు కదిలినట్టు టకటక శబ్దం వినిపిస్తే కాలు తీసేయండి, మళ్లీ పరీక్షించి చూడొద్దు. కోడ్ పీ0234 వస్తే బూస్ట్ హద్దు దాటింది, పీ0171 అయితే లీన్, పీ0300 అయితే మిస్‌ఫైర్లు. ఒక్క పీ0299 మాత్రం వేరు. సోలనాయిడ్ తప్పించాక ఈసీయూ అడిగినంత బూస్ట్ రాకపోతే అది రావచ్చు, ఈసీయూ తనే పవర్ తగ్గించేయవచ్చు. హోస్ ఏదీ ఊడలేదని చూసుకున్నాక దాని గురించి టెన్షన్ పడకండి.

ఆఫీసు సంగతి: ట్రాఫిక్‌లో నడిచే దారి, మరో బండి అందుబాటులో ఉంది అంటే, ఆ బండి వాడండి. నడపగలిగినంత మాత్రాన రోజూ నడపమని నేను చెప్పను. ప్రతి రోజూ ఎక్కడో ఒకచోట ఓవర్‌టేక్ చేయాల్సిన క్షణం వస్తుంది, అప్పుడు ఎవరి కాలూ గేజ్ మాట వినదు.

ఆ 120 కిలోమీటర్లకు మాత్రం ఇంకో మార్గం ఉంది. మీ ట్యూనర్‌కి ఫోన్ చేసి, భాగాల జాబితా పంపి, ముందుగా ఒక బేస్ ఫైల్ ఇవ్వగలరా అడగండి. చాలామంది ఇస్తారు. ఇంజెక్టర్ సైజు, సెన్సర్ స్కేలింగ్, తక్కువ బూస్ట్ హద్దు, వెనక్కి జరిపిన టైమింగ్‌తో ఫైల్ పంపి, లాగ్‌లు (నడిపినప్పుడు రికార్డైన అంకెలు) తిరిగి పంపమంటారు. ఆ ఫైల్‌తో మీ ప్రయాణం చాలా సురక్షితం, డైనో (కారును నిలబెట్టి పవర్ కొలిచే యంత్రం) మీద టైమ్ కూడా ఆదా అవుతుంది. అది కుదరకపోతే, పైన చెప్పినవన్నీ సరిగా ఉంటే, చల్లటి వేళ తెల్లవారుజామున 80 కిలోమీటర్ల వేగంతో నింపాదిగా వెళ్లిపోవచ్చు. దారిలో ఘాట్ ఉంటే మాత్రం లారీ మీదే పంపండి, ఎంత మెల్లగా నడిపినా అక్కడ లోడ్ తప్పదు.

డీజిల్ వాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట: మీ దగ్గర గాలి ఎక్కువైతే లీన్ అయి కాలిపోయే సమస్య ఇలా ఉండదు, అక్కడ పవర్‌ని నడిపేది డీజిలే. కానీ వేరియబుల్ వేన్ టర్బో (లోపలి రెక్కల కోణం మారే రకం) అయితే యాక్చుయేటర్ సెట్టింగ్ కలవకుండా నడిపితే టర్బో హద్దు మించి తిరగవచ్చు.

ట్యూనర్ దగ్గరికి వెళ్లే ముందు ట్యాంకులో మీరు రోజూ వాడబోయే పెట్రోలే ఉండాలి, ఎందుకంటే ట్యూన్ దాని మీదే అవుతుంది. ప్లగ్గుల హీట్ రేంజ్, గ్యాప్ ఎంత పెట్టారో మెకానిక్‌ని అడిగి రాసుకోండి. యాక్చుయేటర్ స్ప్రింగ్ ఎంత బార్‌దో కూడా. ఈలోగా మీ కారు మోడల్, సెన్సర్ ఏ రకం, వేస్ట్‌గేట్ లోపలిదా బయటిదా, వేడి ఇంజన్ మీద ఐడిల్‌లోనూ 2500 దగ్గరా ట్రిమ్ ఎంత వస్తోందో ఇక్కడ రాయండి. ఆ అంకెలు చూసి మీ కారు రోడ్డెక్కవచ్చో లేదో సూటిగా చెబుతాను.